పిడికెడు బియ్యం: ఇంట్లో, సంఘంలో ఎలా నడపాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వంటకి బియ్యం కొలిచాక, కడగడానికి ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, లేనివాళ్ళ కోసమో సంఘ పరిచర్య కోసమో వేరే డబ్బాలో వేయడం తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కొన్ని సంఘాల్లో అది ఇప్పటికీ బాగా నడుస్తోంది. కొన్నిచోట్ల పేరుకి డబ్బా ఉంది, బియ్యం లేవు. ఇంకొన్నిచోట్ల బియ్యం వస్తున్నా పురుగు పట్టి పారబోయాల్సి వస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళూ, ఆగిపోయినదాన్ని మళ్ళీ లేపాలనుకునే స్త్రీల సమాజాలూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకి ఇవీ జవాబులు.

పిడికెడు తీయడం అంటే సరిగ్గా ఏం చేయాలి?

ముందు ఇంట్లోవాళ్ళకి ఎంత కావాలో అంతా కొలవండి. ఆ కొలిచిన దాంట్లోంచి పిడికెడు తీయండి. బస్తాలోంచి విడిగా తీసి వేయడం కన్నా ఇదే సరైన పద్ధతి. కొలిచిన గిన్నెలోంచి తీస్తే ఆ పిడికెడు మన కంచంలోంచి వెళ్తుంది. నలుగురున్న ఇంట్లో తలా ఒక ముద్ద తగ్గుతుంది, అంతే. తీసేటప్పుడు ఒక చిన్న ప్రార్థన చేసుకోవడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఈ పూట అన్నం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పి, ఈ బియ్యం ఎవరి ఇంటికి వెళ్తాయో వాళ్ళని జ్ఞాపకం చేసుకుంటే చాలు.

చెయ్యి మాత్రం పొడిగా ఉండాలి. కూరగాయలు కడిగిన తడి చేత్తో తీస్తే డబ్బాలో బియ్యం ఉండకట్టి, నాలుగు రోజుల్లో ముక్క వాసన వస్తాయి.

దీనికి వాక్యంలో ఆధారం ఉందా?

"పిడికెడు బియ్యం తీయుము" అనే ఆజ్ఞ ఎక్కడా లేదు. దాని వెనకున్న మనసు మాత్రం బైబిలంతటా ఉంది. పొలం అంచుల దాకా కోయవద్దని, పరిగె ఏరుకోవద్దని, అవి బీదలకీ పరదేశులకీ వదలాలని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. రూతు రెండో అధ్యాయంలో పొలం యజమాని బోయజు ఇంకో అడుగు వేశాడు. పరిగె ఏరుకోవడానికి వచ్చిన బీద విధవరాలు రూతు కోసం కావాలనే పిడికెళ్ళు పడేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్ళకి చెప్పాడు. ఇవ్వడం ఎంత ముఖ్యమో, పుచ్చుకునే మనిషి తలవంచుకోకుండా చూడడం అంత ముఖ్యమని ఆ రెండో మాటలో ఉంది. ఈ పని నడిపే ప్రతి సమాజమూ ఆ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

సారెపతు విధవరాలి దగ్గర మిగిలినది పట్టెడు పిండి, కొంచెం నూనె; అందులోంచే ముందు ఏలీయా ప్రవక్తకి పెట్టింది (1 రాజులు 17). ప్రతి ఆదివారం ఎవరికి వారు వర్ధిల్లిన కొద్దీ కొంత తీసి ఉంచమని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీ 16:2). క్రమం తప్పకుండా, ఉన్నదాంట్లోంచి, ముందుగా తీసి పెట్టడం అనే మూడూ ఈ అలవాటులో ఉన్నాయి.

ఇది ఎక్కడ మొదలైంది?

భారతదేశంలో దీన్ని అందరికన్నా గట్టిగా నిలబెట్టినవాళ్ళు మిజోరం క్రైస్తవ స్త్రీలు. అక్కడ దీన్ని 'బుఫాయ్ థమ్' అంటారు. 1910లో మొదలైంది. చేతిలో డబ్బు ఆడని కొండ పల్లెల్లో స్త్రీలు వంట వండిన ప్రతిసారీ తీసిన బియ్యంతోనే సంఘ పరిచర్య పెరిగింది. ఇప్పుడు అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఆ పిడికెళ్ళ మీద ఏటా కోట్ల రూపాయలు వస్తున్నాయి.

తెలుగు నేల మీద డోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని తలుచుకోవాలి. 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. కూలినాలి చేసుకునే కుటుంబాలు కూడా తమకున్న దాంట్లోంచి ఇవ్వగలవని, ఇవ్వాలని ఆయన పట్టుబట్టి నేర్పారు. డబ్బు లేనివాళ్ళు ధాన్యం తెచ్చారు, కోళ్ళు తెచ్చారు. ఇప్పటికీ మన కోత పండుగల్లో గుమ్మడికాయలు, గుడ్లు, కొబ్బరికాయలు బలిపీఠం ముందు కనబడేది అందుకే. అసలు గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి గుప్పెడు బియ్యం వేయడం తెలుగు ఇల్లాలికి ఒకరు నేర్పాల్సిన పని కాదు. సంక్రాంతి హరిదాసు పాత్రలో బియ్యం పోసే చేతులున్న ఊళ్ళే మనవీ.

ఒక పిడికెడు ఎంత తూగుతుంది? నెలకి ఎంత పోగవుతుంది?

పెద్దవాళ్ళ పిడికిలిలో 35 నుంచి 50 గ్రాముల బియ్యం పడతాయి. సగటున 40 గ్రాములు అనుకోండి. రెండు పూటలా వండే ఇంట్లో రోజుకి 80 గ్రాములు, నెలకి 2.4 కిలోలు. ముప్ఫై ఇళ్ళున్న సంఘంలో నెలకి 72 కిలోలు.

ఈ లెక్క ఎంత పనికొస్తుందో చూడండి. అన్నమే ముఖ్యాహారంగా తినే మనిషికి పూటకి సుమారు 125 గ్రాముల చొప్పున నెలకి 7.5 కిలోల బియ్యం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోలు వస్తాయి, తెలంగాణలో 6 కిలోలు. అంటే ఆంధ్రలో ఒక్కో మనిషికి నెలకి 2.5 కిలోలు తక్కువ పడుతున్నాయి. ఒక ఇంటి పిడికెళ్ళు దాదాపు అంతే. ఒక ఇల్లు ఒక మనిషి లోటు తీరుస్తుంది. సంఘంలో ఈ పని గురించి చెప్పేటప్పుడు ఈ లెక్కే చెప్పండి. ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఎలాంటి డబ్బా కావాలి? ఎక్కడ పెట్టాలి?

నెల బియ్యానికి మూడు, నాలుగు లీటర్లు పట్టే మూత గట్టి డబ్బా సరిపోతుంది. స్టీలుదైతే మంచిది, పాత బూస్టు డబ్బాలాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బా అయినా పరవాలేదు. అగరబత్తులో, సబ్బులో, మసాలాలో ఉంచిన డబ్బా వద్దు, బియ్యం వాసన పట్టేస్తాయి. మొదటిసారి కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి.

పెట్టే చోటుని బట్టే ఈ అలవాటు నిలుస్తుంది, పోతుంది. బియ్యం బస్తాకో, ఇంట్లో వాడే బియ్యం డబ్బాకో ఆనుకుని, చెయ్యి చాస్తే అందేలా పెట్టండి. పూజ్యంగా ఉంటుందని హాల్లో బైబిలు పక్కన పెట్టిన డబ్బా పదిహేను రోజుల్లో ఖాళీగా మిగులుతుంది. వంట హడావిడిలో పిడికెడు పట్టుకుని హాల్లోకి ఎవరూ వెళ్ళరు.

పూటపూటకీ గుర్తుండడం లేదు. నెలకోసారి రెండున్నర కిలోలు కొలిచి ఇచ్చేస్తే?

ఇవ్వండి, ఆకలికి తేడా తెలియదు. కానీ రోజూ తీయడంలో ఇంట్లోవాళ్ళకి జరిగే మేలు వేరు. వండే ప్రతిసారీ లేనివాళ్ళు గుర్తొస్తారు. షిఫ్టు డ్యూటీల వల్లో, వంటమనిషి ఉండడం వల్లో రోజూ కుదరనివాళ్ళు ఆదివారం ఉదయం ఆరాధనకి వెళ్ళే ముందు వారానికి సరిపడా పద్నాలుగు పిడికెళ్ళు ఒకేసారి తీస్తున్నారు. అది మంచి మధ్యేమార్గం.

బియ్యానికి పురుగు పడుతోంది. ఏం చేయాలి?

ఎక్కువ సంఘాల్లో ఈ పని చతికిలబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

ముక్కు పురుగు గింజ లోపల గుడ్డు పెడుతుంది. పైకి ఏమీ కనబడదు. మన వేడికి నెల, నెలన్నరలో పిల్ల పురుగు గింజ తొలుచుకుని బయటికి వస్తుంది. అందుకే డబ్బా నెల దాటి ఇంట్లో ఉండకూడదు. రెండు నెలలకోసారి పోగుచేస్తే సగం ఇళ్ళ బియ్యం పురుగుతోనే వస్తాయి, అవి కలిసిన బస్తా మొత్తం పాడవుతుంది.

చాలామంది డబ్బా ఒంపేసి, అడుగున మిగిలిన నూకా పొడీ అలాగే ఉంచి మళ్ళీ వేయడం మొదలుపెడతారు. పురుగు విత్తనమంతా అందులోనే ఉంటుంది. ప్రతి నెలా డబ్బా పూర్తిగా బోర్లించి తుడవాలి, వీలైతే కడిగి ఆరబెట్టాలి. తర్వాత నీడలో ఎండిన వేపాకు గుప్పెడు గానీ, నాలుగు ఎండుమిరపకాయలు గానీ పల్చటి గుడ్డలో మూటకట్టి వేయండి. ఇవి కొత్త పురుగు రాకుండా కొంత కాపాడతాయి, పట్టిన పురుగుని చంపవు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో బియ్యాన్ని గాలి చొరని కవరులో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

పురుగు కనబడిన బియ్యాన్ని ఎండలో పోయకండి. మండుటెండకి గింజ పగిలి నూకలవుతుంది. నీడలో గుడ్డ మీద పల్చగా పరిస్తే పురుగులు వాటంతటవే నడిచి పోతాయి. ఆ తర్వాత చేటతో చెరిగి, మీ ఇంట్లో మీరే వండుకోండి. అవి ఇవ్వడానికి పనికిరావు.

బియ్యంలో బోరిక్ పౌడరు కలిపి నిల్వ చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ బియ్యం తీసుకోవద్దు. కొందరు ధాన్యం గోదాముల్లో వాడే సల్ఫాస్ బిళ్ళలు ఇంట్లో బస్తాలో వేస్తారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గాలి మనుషుల ప్రాణం తీస్తుంది. సంఘం గదిలోగానీ ఇంట్లోగానీ వాటిని ముట్టుకోవద్దని స్త్రీల కూడికలో ఒకసారి కాదు, ఏడాదికి రెండుసార్లయినా చెప్పాలి.

రేషన్ బియ్యం వేయొచ్చా?

మీరు అవే వండుకుని తింటుంటే వేయండి. మీరు సన్నబియ్యం తింటూ, ఇంట్లో పడి ఉన్న రేషన్ బియ్యాన్ని డబ్బాలో పోస్తే అది వేరే సంగతి. కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ బలిగా తెచ్చినవాళ్ళని మలాకీ మొదటి అధ్యాయంలో దేవుడు ఏమని అడిగాడో చదవండి: దాన్ని నీ అధికారికి ఇచ్చి చూడు, అతను నిన్ను మెచ్చుకుంటాడా?

ఒక భయం కూడా తీర్చాలి. రేషన్ బియ్యంలో అక్కడక్కడ రంగు, ఆకారం కొంచెం తేడాగా ఉన్న గింజలు కనబడితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన పోషక గింజలు. నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. ఏరకండి.

అన్ని ఇళ్ళ బియ్యం ఒకే బస్తాలో కలిపేస్తున్నాం. అన్నం సరిగా రావడం లేదంటున్నారు.

రాదు. పాత సోనామసూరి, కొత్త బియ్యం, స్టీమ్ బియ్యం, దొడ్డు బియ్యం ఒక్కోటి ఒక్కో ఎసరు అడుగుతాయి. కలిపి వండితే సగం మెత్తబడి ముద్దవుతుంది, సగం పలుకుగా మిగులుతుంది. పుచ్చుకున్నవాళ్ళు మొహమాటానికి చెప్పరు, కోళ్ళకి వేస్తారు. సంఘంలో కనీసం రెండు డ్రమ్ములు పెట్టండి, ఒకటి సన్నబియ్యానికి, ఒకటి దొడ్డు బియ్యానికి. స్టీమ్ బియ్యం ఎక్కువగా వచ్చే ఊళ్ళో మూడోది కూడా. ఇంటి నుంచి తెచ్చేటప్పుడే సంచి మీద ఏ రకమో రాయించండి.

మా ఇంట్లో రాత్రి చపాతీలే. షుగరు వల్ల అన్నం మానేశాం.

మీరు తినేదాంట్లోంచే ఇవ్వండి. జొన్నలు, రాగులు గింజగా ఉంటే నిల్వ ఉంటాయి. గోధుమపిండి, జొన్నపిండి నెల ఆగితే చేదెక్కుతాయి, కాబట్టి పిండి వద్దు. బదులుగా పిడికెడు కందిపప్పు తీయండి. బియ్యం అందరూ తెస్తారు, పప్పు తెచ్చేవాళ్ళే తక్కువ. అసలు కొరత అక్కడే.

దశమభాగం ఇస్తున్నాం. ఇది కూడా ఇవ్వాలా?

ఇవ్వాలి అనే బలవంతం లేదు. దశమభాగం, కృతజ్ఞతార్పణ, మందిర నిర్మాణ కానుక వేటి లెక్క వాటిదే. పిడికెడు బియ్యాన్ని వాటిలోంచి మినహాయించుకోవడమూ, వాటికి బదులు అనుకోవడమూ రెండూ చేయకండి. ధర్మశాస్త్రంలో కూడా మూడో యేటి దశమభాగం పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాండ్రు తిని తృప్తిపొందేలా ఊళ్ళోనే ఉంచమన్నారు (ద్వితీయోపదేశకాండము 14:28, 29). సంఘం ఆదాయంలో బీదల వాటా ఉండాల్సిందే. ఇంటింటి పిడికెడు ఉంది కదా అని పెద్దలు ఆ వాటాని తీసేస్తే మాత్రం ఎవరో ఒకరు లేచి అడగాలి.

ఇంట్లో ఆయన విశ్వాసి కాదు. తెలియకుండా తీయొచ్చా?

వద్దు. బయటపడిన రోజున బియ్యం సంగతి పోయి, నమ్మకం సంగతి వస్తుంది. "నా వంతు అన్నంలోంచి పిడికెడు తీసి లేనివాళ్ళకి ఇస్తానండీ" అని నేరుగా చెప్పండి. ఆకలికి పెట్టడానికి అడ్డుచెప్పే తెలుగువాళ్ళు తక్కువ. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆపేయండి. అత్తగారు వంట చూసుకునే ఇంట్లో కోడలు ముందు ఆవిడ చేతే మొదటి పిడికెడు వేయించడం మంచి పద్ధతి.

మాకే చాలీచాలదు. మేమూ వేయాలా?

పుచ్చుకునే ఇంటికి కూడా డబ్బా ఇవ్వండి. వేయమని అడగకండి, లెక్క చూడకండి, డబ్బా మాత్రం ఇవ్వండి. బీద విధవరాలి రెండు కాసులని ప్రభువు చూసి మాట్లాడాడు (లూకా 21). గొప్ప లేమిలో ఉన్న మాసిదోనియ సంఘాలు తమకీ ఇచ్చే భాగ్యం కావాలని బతిమాలాయి (2 కొరింథీ 8). నెలంతా పుచ్చుకునే మనిషి చేతికి వారానికొక పిడికెడు వేసే వీలు ఉంటే, ఆమె సంఘంలో ఇచ్చేవాళ్ళ వరసలోనే కూర్చుంటుంది. వేయలేని నెల వేయదు, అంతే.

ఇంట్లో ముసలి తల్లిదండ్రులని పస్తుంచి బయట ధర్మం చేయడం గురించి ప్రభువు గట్టిగానే మాట్లాడాడు (మార్కు 7:11). ఆ లెక్క ముందు సరిచూసుకోవాలి.

సంఘంలో పోగుచేయడం, లెక్క రాయడం ఎలా?

నెలలో ఒక ఆదివారం ఖాయం చేయండి, మారనివ్వకండి. నాలుగో ఆదివారం మంచిది. రేషన్ నెల మొదట్లో వస్తుంది, లేని ఇళ్ళలో బియ్యం నిండుకునేది చివరి వారంలోనే. ఆ ఆదివారం తూచి, సోమ, మంగళవారాల్లో అందించేస్తే సంఘం గదిలో నిల్వ ఉంచే పనే పడదు. ఎలకల బాధా ఉండదు.

తూకానికి కొక్కేనికి తగిలించే చిన్న డిజిటల్ కాటా చాలు. ఒకరు తూస్తారు, ఒకరు పద్దు రాస్తారు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. పద్దులో ఇంటి పేరు అక్కర్లేదు. ఏ ఇల్లు ఎంత తెచ్చిందో రాస్తే, తక్కువ తెచ్చినవాళ్ళు మూడో నెల నుంచి రావడం మానేస్తారు. తేదీ, రకం, మొత్తం కిలోలు, ఎన్ని ఇళ్ళకి ఎంత వెళ్ళింది, మిగిలింది ఎంత అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మూడు నెలలకోసారి ప్రకటనల సమయంలో మొత్తం చదవాలి. ఇంత ధర్మధనం విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు తనతో ఇంకొందరిని వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20, 21). ఆయనే అంత జాగ్రత్తపడితే మనమెంత!

ఈ బియ్యం పాస్టరు గారికా, బీదలకా?

మొదటి రోజే తేల్చి చెప్పండి. పాత రోజుల్లో చాలా పల్లె సంఘాల్లో ఈ బియ్యంతోనే బోధకుడి కుటుంబమో, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీయో బతికేవాళ్ళు. జీతం సరిగా అందని కాపరి ఉన్న ఊళ్ళో ఇప్పటికీ అది న్యాయమే. తప్పు ఎక్కడంటే, బీదల పేరు చెప్పి పోగుచేసి పాస్టరు గారింటికి పంపడంలో. రెండూ కావాలంటే రెండు డ్రమ్ములు పెట్టి, వేసేవాళ్ళనే ఎంచుకోనివ్వండి.

ఎవరికి ఇవ్వాలో ఎవరు తేల్చాలి?

ఒక్కరు తేల్చకూడదు. పాస్టరమ్మ గారు, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, పేటలో అందరి సంగతీ తెలిసిన ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో ఉంటే వాళ్ళూ కలిసి కూర్చోవాలి. ఆదిమ సంఘంలో రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రని చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది. అప్పుడు ఏడుగురిని ఏర్పరిచారు (అపొస్తలుల కార్యములు 6). మన ఊళ్ళలో ఆ సణుగు కులం మీద, బంధుత్వం మీద పుడుతుంది. జాబితా తయారయ్యాక దాన్ని అదే కళ్ళతో ఒకసారి చదవండి. అందరూ ఒక పేటవాళ్ళే ఉన్నారా? పెద్దల చుట్టాలే ఉన్నారా?

ముందు చూడాల్సినవాళ్ళు ఒంటరి వృద్ధులు, పనికి వెళ్ళలేని రోగులు, కార్డు లేని వలస కూలీలు, భర్త పోయి ఏడాది కాని స్త్రీలు. అంత్యోదయ కార్డు ఉన్న ఇంటికి నెలకి 35 కిలోలు వస్తాయి. ఆ ఇంట్లో ఇద్దరే ఉంటే బియ్యం కన్నా పప్పు, నూనె, మందుల డబ్బు అవసరం. టీబీ మందులు వాడుతున్నవాళ్ళకి ప్రభుత్వం నుంచి పోషకాహారం కోసం నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడాలి. పడకపోతే పీహెచ్‌సీకి వెంట వెళ్ళి ఖాతా సరిచేయించడం ఒక బస్తా బియ్యం కన్నా మేలు. కార్డు లేనివాళ్ళకి దరఖాస్తు పెట్టించడమూ అంతే.

ఏప్రిల్, మే నెలల్లో పొలం పనులు ఉండవు కాబట్టి జాబితా పెరుగుతుంది. సంక్రాంతి ముందు కొత్త ధాన్యం ఇళ్ళకి వచ్చినప్పుడు ఒకటి రెండు పిడికెళ్ళు ఎక్కువ తీయమని అడిగి, పప్పు, నూనెల కోసం డబ్బు కూడబెట్టుకోండి.

క్రైస్తవులు కానివాళ్ళకి ఇవ్వొచ్చా? ప్రార్థనకి రమ్మని చెప్పొచ్చా?

ఇవ్వాలి. గలతీ 6:10 అందరికీ మేలు చేయమంటుంది, విశ్వాస గృహానికి చేరినవాళ్ళని మరీ ముఖ్యంగా చూడమంటుంది. "అందరికీ" అన్నది ముందు ఉంది.

ఇచ్చే సంచితో పాటు ఆహ్వానం, కరపత్రం, సంతకం ఏవీ వద్దు. దీనికి మన చరిత్రలోనే గొప్ప సాక్ష్యం ఉంది. 1876 నుంచి 1878 దాకా సాగిన మహాకరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకి తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళకి ఆ కరువు రోజుల్లో ఇవ్వలేదు. తిండి కోసం ప్రభువు పేరు చెప్పుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదని ఆయన పంతం. సహాయం పంచడం ముగిశాకే తలుపు తెరిచారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. అన్నానికీ విశ్వాసానికీ మధ్య అంత దూరం పాటించినందుకే ఆ సంఖ్యకి విలువ.

ఎలా అందించాలి? ఫొటోలు తీయొచ్చా?

ఫొటోలు తీయొద్దు. ముఖం కనబడకుండా చేతులు మాత్రమే తీస్తామన్నా ఒప్పుకోవద్దు. ఊళ్ళో ఆ గుమ్మం, ఆ చీర అందరికీ తెలుసు. దాత పేరు అచ్చువేసిన సంచి, స్టేజీ మీదికి పిలిచి ఇవ్వడం, వాట్సాప్ గ్రూపులో జాబితా పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6:3) పాటించడానికి ఇంతకన్నా తేలికైన చోటు దొరకదు.

బజారు నుంచి వచ్చినట్టు మామూలు సంచిలో, చీకటిపడే వేళ, ఇద్దరు స్త్రీలు వెళ్ళాలి. ఒంటరి వృద్ధులకి పది కిలోలు ఒకేసారి ఇస్తే ఎత్తలేరు, దాచలేరు. ఐదేసి కిలోలు రెండుసార్లు ఇస్తే రెండుసార్లు పలకరించినట్టూ ఉంటుంది. "వందనాలు అమ్మా, ఈ నెల బియ్యం" అని చెప్పి లోపల పెట్టి, కూర్చోమంటే కూర్చోండి. మంచినీళ్ళిస్తే తాగండి. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

బియ్యంతో పాటు ఇంకేం కలపాలి?

పది కిలోల బియ్యానికి కిలో కందిపప్పు, లీటరు నూనె, పావుకిలో చింతపండు, కిలో ఉప్పు, పావుకిలో ఎండుమిర్చి ఉంటే ఇద్దరున్న ఇల్లు నెల గడుపుతుంది. ఉత్త బియ్యం ఇస్తే, కూరకి డబ్బు లేక కారం కలుపుకుని తింటారు. షుగరు ఉన్నవాళ్ళకి బియ్యం సగానికి తగ్గించి రాగులు, పెసలు ఇవ్వండి. పళ్ళు లేని ముసలివాళ్ళకి నూకలు, రాగిపిండి జావకి పనికొస్తాయి. నూకలంటే చిన్నచూపు అనుకుంటారేమో, అడిగి ఇవ్వండి.

ప్రేమవిందులో (సంఘమంతా కలిసి తినే భోజనంలో) మిగిలిన అన్నం పంచవచ్చా?

వండిన రెండు గంటల్లోపు, వేడిగా ఉండగానే అయితే పంచండి. సాయంత్రం దాకా డేగిశాలో మూతపెట్టి ఉంచిన అన్నం చూడడానికి బాగానే ఉంటుంది, కానీ అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకునేది అప్పటికే నీరసంగా ఉన్నవాళ్ళకి. మిగలకుండా ఉండాలంటే వందమందికి పన్నెండున్నర కిలోల బియ్యం లెక్క వేయండి, బిర్యానీ అయితే ఇంకొంచెం తగ్గించండి. అసలు బీదలకి పెట్టాలనుకుంటే మొదటి బంతిలోనే కూర్చోబెట్టాలి.

వచ్చిన బియ్యం వేలం వేసి డబ్బు చేసుకోవచ్చా?

కొని తెచ్చిన బియ్యం, పండించిన బియ్యం వేలం వేయొచ్చు. కోత పండుగలో అది మామూలే. రేషన్ బియ్యం మాత్రం అమ్మకూడదు, వేలం వేయకూడదు. బయట అమ్మడం చట్టప్రకారం నేరం, బస్తాలు పట్టుబడితే కేసు సంఘం పెద్దల మీద పడుతుంది. రేషన్ బియ్యం కలిసిన డ్రమ్ము ఏదైనా అమ్మకానికి కాదని ముందే రాసిపెట్టుకోండి.

మేం విదేశంలో ఉంటున్నాం. మా ఊరి సంఘానికి బియ్యం డబ్బు పంపొచ్చా?

మీకు ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. సంఘం ఖాతాకి పంపి, పాస్‌పోర్టు నకలు వాళ్ళ దగ్గర ఉంచండి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ఉన్న సంస్థలే దాన్ని తీసుకోగలవు. పల్లె సంఘాల్లో చాలావాటికి అది ఉండదు. పాస్టరు గారి సొంత ఖాతాకో, ఫోన్‌పేకో పంపి "బీదలకి ఇవ్వండి" అనడం ఆయన్ని చిక్కుల్లో పెట్టడమే.

మీ ఊళ్ళోనే మీకు తెలిసిన ఒక బీద బంధువు ఉంటే నేరుగా ఆ ఇంటికి పంపండి. లేదా మీరున్న చోటే ఫుడ్ బ్యాంకుకి కందిపప్పు, బియ్యం తీసుకెళ్ళండి. అక్కడ చదువుకునే తెలుగు పిల్లల్లో పార్ట్‌టైమ్ దొరక్క ఒక పూటే తింటున్నవాళ్ళూ ఉంటారు. శనివారం రాత్రి భోజనానికి పిలవండి.

ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందా?

వస్తురూపంలో ఇచ్చినదానికి రాదు.

పిల్లలకి ఎలా నేర్పాలి?

వాళ్ళ చేత్తో వేయించండి. చిన్న పిడికిలైతే రెండు పిడికెళ్ళు. సండే స్కూలులో పోటీ పెట్టి ఎక్కువ తెచ్చినవాళ్ళకి బహుమతి ఇవ్వడం మాత్రం వద్దు. ఉన్నింటి పిల్లలే గెలుస్తారు, లేనింటి పిల్లలు తల్లితో పోట్లాడి తెస్తారు.

బాగా మొదలవుతుంది, ఆరు నెలలకి ఆగిపోతుంది. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం ఒక్కటే. బియ్యం ఎక్కడికి వెళ్ళాయో వేసినవాళ్ళకి తెలియదు. పేర్లు చెప్పకుండానే "ఈ నెల 68 కిలోలు వచ్చాయి, తొమ్మిది ఇళ్ళకి వెళ్ళాయి, రెండు కిలోలు మిగిలాయి" అని చెప్పడం మానకపోతే పని మానదు. బాధ్యత అంతా ఒక్క అక్క నెత్తిన పడడం ఇంకో కారణం. ఆమె కూతురి పురుడుకి ఊరెళ్ళగానే అంతా నిలిచిపోతుంది. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు నెలలకోసారి మారండి.

వానాకాలంలో కోస్తా ఊళ్ళలో తుఫాను వల్ల ఒక నెల తప్పితే, ఆ నెల బియ్యం వచ్చే నెలకి దాచమనకండి. ఇంట్లో వండేసుకుని, డబ్బా తుడిచి, మళ్ళీ ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టమనండి.

కొత్తగా నగరానికి వచ్చాం. దగ్గరలో ఇలా పోగుచేసే సంఘం లేదు.

డబ్బా పెట్టుకోండి. నెలాఖరుకి నిండిన రెండున్నర కిలోలు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యకో, మెట్లు తుడిచే అమ్మకో ఇవ్వండి. ముందు వాళ్ళు ఏ బియ్యం తింటారో అడగండి. ఆ ఇంట్లో పసిపిల్ల ఉంటే బియ్యంతో పాటు అరకిలో పెసరపప్పు కూడా పెట్టండి.